గోచి కట్టిన గ్రీకులు

బి.ఏ. చివరి ఏడు సగం చదువు నేను వరండాలోనే చదివాను.

కరీంనగర్‌లో కాలేజీ అప్పటికి కొత్త. గోడలకు సున్నం వేసి ఎంతో కాలం కాలేదు, ఆనుకుని నిలబడితే వీపంతా తెల్లబడేది. మా తరగతిలో గది నిండా మగపిల్లలు, ఆడపిల్లలం ఇద్దరమే. నేను చొప్పదండిలో మగ్గం నేసే ఇంటి పిల్లను. కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. రెండో ఆమె బోథ్ నుంచి వచ్చిన రైతు బిడ్డ. ఆమె మాటల్లో సగం మరాఠీ కలిసి వచ్చేది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చునే మనిషి. నేను అలా కాదు. చిన్నప్పటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. నన్ను కన్న అవ్వ తిట్టిన తిట్లన్నీ ఈ రెండింటి గురించే.

ఆ రోజుల్లో నా ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉండేది. బి.ఏ. అయ్యాక హైదరాబాద్ వెళ్లి ఎం.ఏ. చదవాలి. నాన్న, అంటే మా బాపు, బి.ఏ. వరకు సరేనన్నాడు. ఆ తర్వాతి సంగతి అడిగితే "సూద్దాం తియ్" అని మగ్గం మీదికి వంగేవాడు. వద్దన్న మనిషితో కొట్లాడవచ్చు. సూద్దాం అన్న మనిషితో ఏం కొట్లాడతాం? ఆ ఒక్క మాటతో వేగలేక చిన్నమ్మ వాకిట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. చిన్నమ్మ నా తిరుగుడు చూడలేక చేతికి చీపురు ఇచ్చేది.

ఏ సబ్జెక్టు తీసుకున్నవాళ్లయినా సరే, మా అందరికీ పాశ్చాత్య సంస్కృతి మీద ఒక పేపర్ ఉండేది. అది గ్రీకుల దగ్గర మొదలై, రోము మీదుగా, పెద్ద పెద్ద రాతి చర్చీలు దాటి, ఇటలీ చిత్రకారుల దాకా వచ్చేది. చెప్పే సారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. వయసు తక్కువ, మొహమాటం ఎక్కువ. కానీ ఆ పాఠం చెప్పేటప్పుడు మనిషి మారిపోయేవాడు. చేతిలో సుద్దముక్క ఉందన్నది మరిచిపోయి అదే చేత్తో జుట్టు సవరించుకునేవాడు. నాకు ఆ పాఠం సగం నచ్చేది, సగం ఒళ్లు మండేది. మా ఊరి గుడి ఎవరు కట్టించారో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. సముద్రాల అవతలి గుడికి ఎన్ని రకాల స్తంభాలు ఉంటాయో మాత్రం బట్టీ పట్టాలి. ఎవరు వీళ్లు, నాకేమవుతారు అని నోటుపుస్తకం మూసేసేదాన్ని. మళ్లీ ఉండబట్టలేక తెరిచేదాన్ని.

సెలవు రోజు ఇంటికి వెళ్తే బాపు కూడా అదే అడిగాడు.

"ఎన్నడో సచ్చిపోయిన పరాయోళ్ల ముచ్చట్లు మనకెందుకు బిడ్డా? గీ చదువుకేనా నువ్వు హైదరాబాద్ పోతనంటున్నవ్?"

 కాలేజీకి తిరిగి వచ్చాక అదే మాట సారును అడిగాను. మంచి పని ఎక్కడ పుట్టినా అది మనుషులందరిదీ అన్నాడాయన. మాట బాగానే ఉంది. కానీ దాన్ని మోసుకుపోయి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి ముందు పెడితే నిలుస్తుందని నాకు అనిపించలేదు. బాపుకు ఏదైనా చేత్తో పట్టి చూస్తేనే నమ్మకం.

ఆ రోజుల్లోనే సారు ఎక్కడినుంచో ఒక పుస్తకం తెప్పించాడు. పీటంత పెద్ద పుస్తకం. దాని నిండా గ్రీకు శిల్పాల ఫోటోలు. అది టేబుల్ మీద పెట్టి, మగపిల్లలను దగ్గరికి రమ్మని, మా వైపు చూడకుండా, "అమ్మా, మీరిద్దరూ కాసేపు వరండాలో కూర్చోండి" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాం.  లోపల ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకొకరు దగ్గారు. సారు గట్టిగా ఏదో అన్నాడు. గంట కొట్టాక బయటికి వచ్చినవాళ్లంతా మమ్మల్ని చూసి నేల చూపులు చూసుకుంటూ పోయారు. మరుసటి పాఠానికీ అంతే, ఆ తర్వాతిదానికీ అంతే. శిల్పాల పాఠం వచ్చిందంటే మేము లేచి బయటికి నడవాలి. బోథ్ అమ్మాయి పల్లీలు తింటూ తనకైతే ఆ బొమ్మలు చూడాలనే లేదని చెప్పేది. నేను వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేదాన్ని. కిటికీకి అడ్డంగా అటెండర్ స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నాకు ఏడుపు వచ్చేది, ఏడవడానికి మనసొప్పేది కాదు. ఏం తప్పు చేశామని బయట కూర్చున్నామో నాకు ఎంత ఆలోచించినా తెలిసేది కాదు.

చిన్నమ్మకు చెప్తే, బట్టల్లేని బొమ్మలై ఉంటాయి, ఊరుకోమంది. నేను ఊరుకోలేదు. ఒకరోజు స్టాఫ్ రూము దాకా వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. ఆ బొమ్మల మీద పరీక్షలో ప్రశ్న వస్తదా అని సారును అడిగాను. తప్పకుండా వస్తుందన్నాడు.

"మరి మాకిద్దరికి వేరే పేపర్ ఇస్తరా సార్?"

ఆయన ముఖం కందిపోయింది. తనకూ ఇది బాగా లేదనీ, పైవాళ్ల మాట కాదనలేకపోతున్నాననీ, ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఏదో దారి చూస్తాననీ అన్నాడు. ఆ కాలంలో ఒక లెక్చరర్ ఒక ఆడపిల్లకు అంత సంజాయిషీ చెప్పడమే గొప్ప. నాకు మాత్రం అది చాలలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు పుస్తకం తరగతిలో కనబడలేదు. పక్క హైస్కూల్ డ్రాయింగ్ మాస్టరు మాత్రం సాయంత్రాలు మా లైబ్రరీకి వస్తుండేవాడు. ముసలాయన. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు, పెట్టెలకు రంగులు వేసే ఇంటివాడు. లైబ్రరీలో ఆయనకేం పని అని అడిగితే, చిరిగిన అట్టలు బాగు చేస్తున్నాడని అటెండర్ చెప్పాడు. నేను నమ్మాను.

ఒకరోజు పుస్తకం మా గదికి వచ్చింది. మా గది అంటే విరిగిన బెంచీలు వేసే కొట్టు. మేమిద్దరం గంటకూ గంటకూ మధ్య అక్కడే కూర్చునేవాళ్లం. మేము చూడకూడని పేజీలు తీసేశామనీ, మిగిలినవి నిశ్చింతగా చూసుకోవచ్చనీ సారు గుమ్మం బయటి నుంచే చెప్పి వెళ్లిపోయాడు. ఆ గదిలోకి మగవాళ్లు రాకూడదు కాబట్టి బొమ్మలను వివరించేవాళ్లు ఎవరూ లేరు. మా కళ్లు, మా తెలివి, అంతే.

నేను పుస్తకం తెరిచాను. తెరిచి, లేచి నిలబడ్డాను.

అందులో ఉన్నది రాతి మనుషులు. నిండు యవ్వనంలో ఉన్న మగవాళ్లు, ఒక చెయ్యి చాచినవాడు, బల్లెం పట్టినవాడు, ఏదో విసరబోతూ వంగినవాడు. అందరి నడుముకూ బట్ట ఉంది. అచ్చంగా గోచి. వెనక దోపిన కుచ్చు తీరు, తొడ మీద బట్ట పడిన మడత, నేను పుట్టినప్పటి నుంచి ఇంట్లో చూస్తున్నదే. మా బాపు మగ్గం దిగి బావికి నీళ్లకు వెళ్లేటప్పుడు అలాగే బిగించి కట్టేవాడు. నాకు నవ్వు వచ్చింది, కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఇన్ని నెలలుగా నాకేమవుతారని విసుక్కున్నవాళ్లు మా వీధి మనుషుల్లా నిలబడి ఉన్నారు. బోథ్ అమ్మాయి కూడా పల్లీల పొట్లం పక్కన పెట్టి వంగి చూసింది. ఇందులో దాచాల్సింది ఏముందని అడిగింది. దాచాల్సినవి తీసేసిన పేజీల్లో పోయి ఉంటాయన్నాను.

ప్రతి గోచికీ అంచు ఉంది. అంచులో సన్నని లత, ఆకు వెంట ఆకు, మధ్యలో మొగ్గ. ఆ లతను ఎక్కడో చూశాననిపించి మనసు ఒకటే పీకింది. ఇంటికి పోయి చూస్తే చిన్నమ్మ తమలపాకుల పెట్టె మూత మీద ఉంది. నిర్మల్ పెట్టె అది. ఇంక నా బుర్ర ఆగలేదు. గ్రీకు రాజు సైన్యంతో సింధు దాకా వచ్చాడని సారు చెప్పాడు కదా, ఆ సైనికుల బట్టల మీది లత చేతులు మారి మారి దక్షిణానికి వచ్చి నిర్మల్ చేరిందని తీర్మానం చేశాను. ఎవరూ కనిపెట్టని సంగతి కనిపెట్టానన్న సంబరంలో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ వారం ఇంటికి వెళ్లి బాపుకు చెప్పాను. బాపు మగ్గం ఆపాడు. మామూలుగా ఎవరు వచ్చినా ఆపే మనిషి కాదు. గోచి ఎట్లా దోపారు, అంచు ఎంత వెడల్పు ఉంది, బట్ట పలుచనా మందమా అని ఒక్కొక్కటే అడిగాడు. నేను నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. ఆయన ఆ గీతల ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత వీధిలోకి వెళ్లి కనబడ్డవాళ్లందరికీ, అక్కడోళ్లు గూడ మనోళ్ల లెక్కనే గోచి పెడుతరట అని చెప్పుకొచ్చాడు. అప్పటి నుంచి నేను ఇంటికి వెళ్తే చాలు, గోచి పెట్టుకునేటోళ్ల ముచ్చట కొత్తగా ఏమన్నా చదివినవా అనేవాడు. పక్క ఇళ్ల నుంచి మగ్గాలు ఆపి మరీ వచ్చి వినేవారు. నేను వాళ్లకు గ్రీకు ఊళ్ల సంగతులు, వాళ్ల పంచాయతీలు, వాళ్ల కొట్లాటలు చెప్పేదాన్ని. నా చదువు నా ఇంట్లో మొదటిసారి నిలబడింది.

పరీక్షలు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం బాపే ఆ మాట ఎత్తాడు.

"హైదరాబాద్‌ల సీటొస్తే పో బిడ్డా. బట్ట విలువ ఎరిగినోళ్ల చదువంటున్నవ్. అండ్ల తప్పేమున్నది."

ఆ "సూద్దాం" పోయి ఈ "పో" వచ్చింది. నేను ఎగిరి గంతేయలేదు కానీ లోపల అంత పనీ అయింది. పరీక్షలో శిల్పాల ప్రశ్న వచ్చింది, గోచి గురించీ లత గురించీ దంచి రాశాను. పేపర్ దిద్దిన మహానుభావుడు ఏమనుకున్నాడో ఇప్పటికీ తెలియదు, మార్కులు మాత్రం బాగానే వచ్చాయి. ఎం.ఏ. సీటుకు ఇంటర్వ్యూ ఉందని హైదరాబాద్ నుంచి పిలుపు వచ్చింది.

బాపు వెంట వచ్చాడు. చాకలి మడత పెట్టిన ధోవతి కట్టుకుని, బస్సులో హైదరాబాద్ దాకా నా సర్టిఫికెట్ల సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. విశ్వవిద్యాలయంలో నన్ను లోపలికి పంపి, బయట చెట్టు కింద అరుగు మీద ఆగాడు.

గదిలో ముగ్గురు పెద్దవాళ్లు. మొదట చరిత్ర అడిగారు, చెప్పాను. తర్వాత మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టాయన, గ్రీకు శిల్పంలో నీకు గొప్పగా తోచినది ఏమిటని అడిగాడు. నా ప్రశ్న వచ్చిందనుకున్నాను. వాళ్లు బట్టను రాతిలో ఎంత చక్కగా చెక్కారో చెప్పాను. గోచి దోపిన తీరు చెప్పాను, అంచు చెప్పాను, ఆ అంచు నిర్మల్ దాకా ఎలా వచ్చిందో ఆపకుండా చెప్పుకుపోయాను. చెప్తుండగా ఒకాయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రెండో ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఇద్దరి భుజాలూ కదులుతున్నాయి.

నెరిసిన జుట్టాయన నవ్వలేదు. ఏ పుస్తకంలో చూశావమ్మా అన్నాడు. పేరు చెప్పాను. లేచి, బీరువా తీసి, అదే పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. ఆగి, నా వంక చూసి, ఏదో గుర్తొచ్చినట్టు పుస్తకం మూయబోయాడు. నేను అప్పటికే చూశాను. బల్లెం పట్టినవాడు. వాడి ఒంటి మీద నూలుపోగు లేదు.

ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. లైబ్రరీలో ఆ ముసలి డ్రాయింగ్ మాస్టరు సాయంత్రాలు చేసిన పని అట్టలు వేయడం కాదు. తన చేతికి వచ్చిన లతనే ప్రతి బొమ్మ నడుముకూ చుట్టాడు. ఫోటోకూ రంగుకూ తేడా తెలియనంత నేర్పుగా చుట్టాడు. సారుకు తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలుసు, అటెండర్‌కు తెలుసు. తెలియనిది మా ఇద్దరికే. చెవులు మండిపోయాయి. సిగ్గు వేసింది, ఆ సిగ్గు మీద పట్టరాని కోపం వచ్చింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లిపోతే ఆ వరండాలోకే వెళ్లినట్టు. పుస్తకం మీద చెయ్యి పెట్టాను.

"మూయకండి సార్. నేనింకా చూడనేలేదు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. నెరిసిన జుట్టాయన పుస్తకం నా వైపు తిప్పాడు.

చూశాను. మొదట ఏమీ కనబడలేదు, కళ్ల ముందు మసక. తర్వాత కనబడింది. ఆ మనిషి బరువంతా ఒక కాలి మీదే ఉంది. రెండో మోకాలు సడలింది. అందుకని ఒక పక్క తుంటి లేచింది, దానికి సరిపడా అదే వైపు భుజం దిగింది. అడుగు వేయబోతున్నాడో ఇప్పుడే ఆగాడో చెప్పలేం. ఆ కదలికంతా నడుము దగ్గర పుడుతోంది. సరిగ్గా అక్కడే మాకు గోచి చుట్టి ఇచ్చారు. ఇదంతా నాకు వచ్చిన మాటల్లో, కొంత తెలుగులో, కొంత ఇంగ్లీషులో చెప్పాను. నవ్విన ఇద్దరూ నవ్వడం మానేశారు.

చదివి చెప్తున్నావా అని అడిగాడు నెరిసిన జుట్టాయన. లేదు సార్, ఇప్పుడే చూస్తున్నానని చెప్పాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని నన్ను వెళ్లమన్నాడు.

బయట బాపు లేచి నిలబడ్డాడు. గోచి ముచ్చట అడిగిండ్రా అన్నాడు. అడిగిండ్రు అని చెప్పి ముందుకు నడిచాను.  ఈ మనిషి నన్ను హైదరాబాద్ పంపుతానన్నదే ఆ బట్ట మీద నమ్మకంతో. ఇప్పుడు ఆ బట్ట లేదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. చొప్పదండిలో మగ్గాల మధ్యకు ఆ పుస్తకం ఎన్నడూ రాదు. బస్సు ఎక్కిన దగ్గర నుంచీ నాకు అదే ఆలోచన. సీట్లో ముందుకు జరిగాను, వెనక్కి జరిగాను, కిటికీ తీశాను, మూశాను. 

సిద్ధిపేటలో బస్సు ఆగింది. చాయ్ తాగుదామని దిగాం. గ్లాసు చేతికి వచ్చాక ఇంక ఆగలేక చెప్పేశాను. వాళ్లకు గోచి లేదని, ఏమీ లేదని, మా కాలేజీవాళ్లు రంగు వేసి చూపించారని, మగపిల్లలకు ముందే ఉన్నదున్నట్టు చూపించారని చెప్పాను. ముగ్గురు పరాయి మగవాళ్ల ముందు పుస్తకం మూయనివ్వకుండా నేనే చూశానని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖం చూడలేకపోయాను.

బాపు చాయ్ సగంలో వదిలేసి బస్సు ఎక్కాడు. కరీంనగర్ దాకా మాట లేదు, చొప్పదండి దాకా మాట లేదు. ఇంట్లో అన్నం తిని మగ్గం ఎక్కాడు. పక్కింటివాళ్లు గోచి పెట్టుకునేటోళ్ల ముచ్చట అడగడానికి వస్తే, పని ఉన్నదని పంపించేశాడు. వాళ్లందరికీ తనే చెప్పుకున్నాడు కదా. నాకు ఆయన పరువు తీశానన్న బాధ, ఆయన నోరు తెరవడంలేదన్న కోపం, రెండూ కలిసి ఒకచోట కూర్చోనివ్వలేదు. వంటింట్లోకి పోయేదాన్ని, వాకిట్లోకి వచ్చేదాన్ని. ఏమైందని అవ్వ అడిగితే ఏం చెప్పాలో తెలియక, సీటు వచ్చేది అనుమానమే అని చెప్పాను. ఆ మాట నిజమైతే బాగుండునని కూడా ఒకసారి అనుకున్నాను, అప్పుడు బాపు వద్దనే పని ఉండదు కదా.

సీటు వచ్చింది. కబురు అందిన రోజు బాపు పడుగు సర్దుతున్నాడు. నేను మగ్గం పక్కన నిలబడి సీటొచ్చిందని చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. తెగిన పోగు వెతికి, ముడి వేసి, గోటితో నొక్కాడు. నేను పోనియ్యవా బాపు అని అడిగాను. అడిగేటప్పటికే నాకు ఏడుపు వచ్చేసింది.

బాపు గుంటలోంచి కాళ్లు పైకి తీసి, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. అప్పటి సంది గదే సోంచాయిస్తున్న, మనసుల గదే తిరుగుతున్నది. గది ఒక్కటి కప్పి చూపిచ్చిండ్రు, నువ్వు కనిపెట్టినవ్. ఇంక ఏమేం కప్పిపెట్టిండ్రో ఎవలకెరుక. పో. పోయి అన్ని నీ కండ్లతోని చూసుకో."